తెలంగాణపుటుక్కు

బాలాపురమన్న మాత్రమున నేఁడు లోకమునకు స్ఫురించునది వినాయకుని చేతి లడ్డు. 1994లో 450 రూపాయలకు వేలమునఁ బోయిన యా ప్రసాదము 2024లో 30 లక్షల రూపాయలను దాఁటినది. భాగ్యనగరపు నాగ్నేయపుఁ బొలిమేర భూముల వెల యెట్లు పెరిఁగినదో తెలిసికొనుట కీ వేలపు పట్టికకంటె సులువైన లెక్క లేదని యిచ్చటివారు పరిహాసమాడుదురు. ఆ పరిహాసమున సత్యము లేకపోలేదు. పూర్వము భూమివలని ధనమనఁగా భూమినుండి తీసినది; పండించినదో, త్రవ్వినదో, కరఁగించినదో. నేఁడు భూమియే ధనము. ఈ వ్యాసమున విచారింపఁబూనినది యా మొదటి తెగ ధనములలో నొకటియగు ఉక్కు.

ఈ విచారమును బాలాపురమునుండి యెత్తుకొనుటకుఁ గారణము కలదు. ఈ గ్రామమునకు సమీపమునఁ గంచన్‌బాగున 1973లో మిశ్రధాతు నిగమము స్థాపింపఁబడెను. ఇంకొక దిక్కున, ఇమారతు కంచలో, 1988లో క్షిపణి పరిశోధన కేంద్రము వెలసెను. క్షిపణులకును, ఉపగ్రహములను మోయు రాకెట్లకును వలయు ప్రత్యేకపుటుక్కులును, నికెలు తితానియముల మిశ్రధాతువులును ఆ నిగమమునఁ దయారగుచున్నవి. ఆ ప్రహరిగోడల కీవలనే, లారీల కమానుపట్టీలను ముక్కలుగాఁ గోసి, కాఁచి, కొడవండ్లుగా సాగఁగొట్టు ముసలి కమ్మరి కొలిమి యొకదానిని నేను జూచితిని. ఒకప్పుడీ సీమలో మనవారే యుక్కు వండెడివారన్న మాట యెన్నఁడైన వినియుండిరా యని యాయన నడిగితిని. ఆయన తిత్తిపంకా నాపి, నవ్వి, "ఉక్కు కొంటరు గని వండుతరా పంతులూ?" అనెను.

వండుదురు. వండిరి. కొన్ని వందల యేండ్లపాటు వండి, మచిలీపట్టణపు రేవునుండి పారసీకము దాఁక నమ్మిరి. ఆ సంగతి యా కమ్మరికిఁ దెలియకపోవుట వింత గాదు. మనకును దెలియదు. తెలిసినంతమట్టునకుఁ బరదేశీయుల వ్రాఁతలవలనఁ దెలిసినది. ఇందులకుఁ గారణమేమి?

మొదట శబ్దమును విచారింతము. నాకుఁ జేతనగు పని యది. ఉక్కు దేశ్యము. కన్నడమునను ఉక్కే. తమిళ మలయాళములందు "ఉరుక్కు" అను రూపము కలదు. ఆ భాషలలో "ఉరుకు" ధాతువునకు వేఁడిమిచేఁ గరఁగుట యర్థము. "ఉరుక్కు" అనఁగాఁ గరఁగింపఁబడినది. నడిమి రేఫము లోపించి ద్విత్వము మిగిలిన రూపమే మన ఉక్కని ద్రావిడభాషావేత్తలు తలంతురు. తెలుఁగున నుఱుకుట వేఱు. అది పరుగెత్తుట, దూఁకుట. కరఁగుట యను నర్థముగల ధాతువును మనము పోఁగొట్టుకొని, దానినుండి పుట్టిన పేరును మాత్రము నిలుపుకొంటిమి. తరువాత నా పేరునకు లక్షణచే బలము, పౌరుషము అను నర్థములు వచ్చినవి. ఉక్కడఁగుట, ఉక్కుమిగులుట యను ప్రయోగములు కావ్యములు చదువువారికిఁ గ్రొత్త గావు. కవు లుక్కును వీరుని గుండెలోనికిఁ గొనిపోయిరి, మూసలోనికిఁ దొంగిచూడలేదు.

కరఁగింపఁబడినదన్న యీ యవయవార్థ మల్పవిషయము కాదు. పూర్వకాలమున లోకమునఁ బెక్కుదేశములవా రినుమును ద్రవముగాఁ జేయ నేరరైరి. ఖనిజమును బొగ్గుతోఁ గాల్చి, మెత్తనై ముద్దకట్టినదానిని సమ్మెటలతోఁ గొట్టి, చిట్టెమును వెడలించి, మిగిలిన యినుమును వాడుకొనెడివారు. ఐరోపాలో నుక్కును మూసలోఁ బూర్తిగాఁ గరఁగించు విద్య 1740 ప్రాంతమున ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున బెంజమిను హంట్సుమను చేతఁ గాని స్థిరపడలేదు. మన భాషలో నా క్రియ వస్తువు పేరుగనే నిలిచియున్నది.

సంస్కృతమున నినుమునకుఁ బర్యాయములు పెక్కు. అమరసింహుఁడు శస్త్రకము, తీక్ష్ణము, పిండము, కాలాయసము, అయస్సు, అశ్మసారము అని చెప్పెను. వీనిలో అశ్మసారము ఱాతినుండి తీసిన సారమను నర్థమును, తీక్ష్ణము వాడియను నర్థమును, పిండము ముద్దయను నర్థమును దెలుపుచున్నవి. ఖనిజము, ముద్ద, వాఁడి యను మూఁడవస్థలు మూఁడు పేరులయం దణఁగియున్నట్లు నాకుఁ దోఁచును. రసశాస్త్రకారులు లోహమును ముండము, తీక్ష్ణము, కాంతమని త్రివిధముగా విభజించిరి. ఇఁక మా వ్యాకరణమునకు వత్తము. అష్టాధ్యాయి యష్టమాధ్యాయ తృతీయపాదమున అయఃశబ్దము విసర్గకు సకారము వచ్చు తావులు చెప్పఁబడినవి. అయస్కారుఁడు, అయస్కుంభము, అయస్పాత్రము అని యుదాహరణములు. ముప్పదియేండ్లుగా నీ రూపములను విద్యార్థులచేత సాధింపించితిని. అయస్కారుఁ డేమి చేయునో యొక విద్యార్థియు నన్నడుగలేదు. అడిగియుండినను నేను జెప్పఁజాలియుండను. శాస్త్రకారునికి రూపసిద్ధితోఁ బని తీఱినది.

వేదములోని కర్మారశబ్దము ప్రాకృతమునఁ గమ్మారమై, తెలుఁగునఁ గమ్మరియైనది. ఈ శబ్దము గ్రామనామములందును నిలిచినది. నిజామాబాదు జిల్లాలోని కమ్మరుపల్లి యిట్టిదే. ఆ కమ్మరుపల్లి మండలమునందే కోనసముద్రమను గ్రామము కలదు. సముద్రశబ్దాంతమైన గ్రామనామము చెఱువును బట్టి వచ్చినదని శాసనములు చదువువా రెఱుఁగుదురు. ఈ వ్యాసమునకు ముఖ్యస్థాన మీ కోనసముద్రము.

అచ్చటి పనిని గన్నులారఁ జూచి వ్రాసినవాఁడు హెచ్. డబ్ల్యు. వాయిసీ. ఆయన లాంబుటను నడపిన త్రికోణమితి భూమాపనశాఖలో వైద్యుఁడుగను భూగర్భశాస్త్రజ్ఞుఁడుగను బనిచేసి, 1824లో మరణించెను. ఆయన వ్రాసిన వృత్తాంతము 1832లోఁ గలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికయందుఁ బ్రకటింపఁబడెను. ఆ వృత్తాంతమునుబట్టి చూడఁగాఁ గోనసముద్రపుఁ గమ్మరులు ఖనిజమును నేరుగా నుక్కు చేయలేదు. వేఱువేఱు తావులందుఁ దీయఁబడిన రెండు తెఱఁగుల యినుమును దెప్పించుకొనిరి. ఒకటి యయస్కాంతమున కంటుకొను నల్లని ఖనిజమునుండి తీసినది. రెండవది జేగురుఱాతినుండి తీసినది. మొదటిది మూఁడు పాళ్లు, రెండవది రెండు పాళ్లు. ఈ రెంటిని మూసలో నుంచి, మూఁతపెట్టి, మట్టితో మెత్తి, కొలిమిలోఁ బెట్టి, సుమా రొక యహోరాత్రము తిత్తు లాడించుచుఁ గాల్చిరి. మూస మట్టిలో వరియూక కలిపెడివారు. ఊక మాఁడి బొగ్గుగా మాఱి, మట్టిని పట్టి నిలిపి, యంతటి వేఁడిమికి మూస పగులకుండఁ జేసెడిది. పిదప నిప్పును జల్లార్చుటయుఁ దొందరపడి చేయలేదు. కొలిమిలోనే మెల్లగాఁ జల్లారనిచ్చిరి. మూసను బగులఁగొట్టఁగా నడుగున నుక్కుముద్ద దొరకెడిది. దానికి మట్టిపూఁత వేసి మఱలమఱలఁ గాఁచి మెత్తపఱచినఁ గాని సుత్తెదెబ్బ కాగెడిది కాదు.

ఈ మెల్లగాఁ జల్లార్చుటలోనే కీలకమున్నది. ఆ యుక్కున నూటికి సుమారు ఒకటిన్నర పాలు కర్బనము. అది మెల్లగా గడ్డకట్టునపు డినుముతోఁ గూడి మిక్కిలి కఠినమైన కణములుగా నేర్పడును. తక్కువ వేఁడిమిలో సాగఁగొట్టినచో నా కణములు వరుసలు దీరి, కత్తిమీఁద నీటితరఁగలవంటి చాఱలుగాఁ గనఁబడును. డమాస్కసు కత్తి యని ప్రసిద్ధికెక్కిన ఖడ్గముల వన్నె యిదియే. ఖనిజమున నతిసూక్ష్మముగా నుండు వనాదియమువంటి ధాతువు లీ వరుసల కేర్పాటు కలిగించునని 1998 ప్రాంతమున నమెరికాలోఁ జేసిన పరీక్షలవలనఁ దేలినది. కావున నెక్కడి యినుము నైన నెక్కడనైన వండవచ్చునని చెప్పరాదు. ఏ వాఁగు నల్లయిసుక మంచిదో, యే గుట్ట జేగురు మంచిదో యెఱిఁగినవాఁడు కమ్మరి. ఆ యెఱుక యతని చేతిలో నుండెను.

మైసూరు సీమయందును సేలము ప్రాంతమునను వేఱు పద్ధతి యుండెను. బుకానను 1800–01 సంవత్సరములలోఁ జూచి వ్రాసినదాని ప్రకార మచ్చట నినుపముక్కతోపాటు ఎండిన తంగేడుపుల్లలను మూసలో నుంచెడివారు. జిల్లేడాకును గప్పుట కూడఁ గొందఱు వ్రాసిరి. ఆ పుల్లలు మాఁడి యినుమునకుఁ గర్బనము నిచ్చెడివి. కోనసముద్రమున రెండినుముల కలయికయే యీ పని చేసినది. బాలాపురమున కానుకొని జిల్లెలగూడ యను గ్రామము కలదు. దాని పేరునం దున్నది జిల్లేడే. అంతమాత్రమున జిల్లెలగూడలో నుక్కు వండిరని వాదింప నేను సాహసింపను. శబ్దసామ్యమాత్రముచేఁ జరిత్ర కట్టువారి మార్గము మనకు వలదు.

కోనసముద్రమున వాయిసీ కొక పారసీకవర్తకుఁడు తటస్థపడెను. ఇస్పహాను నగరమునుండి వచ్చిన హాజీ హుసేను. ఉక్కుముద్దలను దూఁచునపుడును, పరీక్షించునపుడును దానే దగ్గఱ నుండెడివాఁడఁట. తమ దేశమున నీ యుక్కును జేయఁ బ్రయత్నించి విఫలులైరని యతఁడే వాయిసీతోఁ జెప్పెను. అంతదూరమునుండి వచ్చి, యొక మాఱుమూల గ్రామమునఁ గూర్చుండి, మూసలు పగులువఱకు వేచియున్న యా వర్తకుని దలఁచుకొన్నపు డెల్ల నాకు మన శాసనములకంటె నతఁడే మంచి సాక్షి యనిపించును. ఎంతదూరమునుండి వచ్చెనో యంత వెల దానికిఁ గలదన్నమాట.

ఈ వర్తకము వాయిసీ కాలమునకే ప్రాఁతది. 1666–67లో ఔరంగాబాదునుండి గోలకొండకు వచ్చిన తెవెనో యను పరాసు యాత్రికుఁ డిందూరు దాఁటి యిందల్వాయిలో నాఁగెను. అచ్చటఁ గత్తులు, బాకులు, ఈఁటెలు విశేషముగాఁ జేయుదురనియు, సమీపపుఁ గొండలయం దినుము దొరకుననియు వ్రాసెను. అదే శతాబ్దమున నున్న తవెర్నియే, పారసీకులు చాఱలుదేఱు కత్తులకు వాడు నుక్కు గోలకొండ రాజ్యమునుండియే వచ్చునని చెప్పి, ముద్ద పరిమాణమును జిన్న రొట్టెతోఁ బోల్చెను. దానిని రెండుగాఁ గోసి లోపలి తీరును జూచెడివారఁట. ఒక్కొక్క సగము నొక్కొక్క కత్తి కగును. వజ్రముల వర్తకుఁడైన తవెర్నియే కంటికి నుక్కుముద్దయుఁ గనఁబడుట గమనింపఁదగినది. మనము గోలకొండ యనఁగానే కోహినూరు నెత్తుకొందుము. డచ్చివారు మచిలీపట్టణముననే కాక ఖమ్మముసీమలోని నాగులవంచలోఁ గూడ వర్తకశాల పెట్టుకొనిరి. తెలుఁగుతీరమునుండి వారి యోడలలో నినుమును నుక్కును బోయినవి.

అరబ్బుల భాషలో మంచి కత్తికి "ముహన్నద్" అని పేరు. హింద్ దేశపు టినుముతోఁ జేయఁబడినదని దాని కర్థము. దేశనామమునుండి క్రియారూపము గల్పించుకొని, దానినుండి విశేషణము తీసిరి. మన పేరును వ్యాకరణములోనికిఁ జేర్చుకొనుట కింతకంటెఁ దార్కాణ మేమి కావలెను? ఆంగ్లేయు లట్లు చేయలేదు. వారు మన శబ్దమునే వికృతిగాఁ గొనిరి. బొంబాయిలోని వైద్యుఁడు హెలెనసు స్కాటు 1794లో నీ యుక్కు మచ్చులను లండనునకుఁ బంపెను. 1795లో జార్జి పియర్సను రాయలు సొసైటీయందు దానిని గూర్చి యొక వ్యాసము చదివెను. అందు దీని పేరు "వూట్జు". యూలు, బర్నెలులు 1886లోఁ బ్రకటించిన నిఘంటువున, నిది "వూక్" అని వ్రాయఁబోయి పడిన లేఖకప్రమాదమై యుండునని యూహించిరి. ఆ యూహ నాకుఁ దృప్తికరము గాదు. బొంబాయిలో విన్న పేరు బొంబాయివారి నోటనే మాఱియుండవచ్చును. ప్రాకృతభాషలు పలుకు నోట దేశ్యశబ్దము చివర నిట్టి మార్పు వచ్చుట యసంభవము గాదు. ఏ మార్గమున వచ్చినను మూలము ఉక్కే యనుటలో వారికిని నాకును భేదము లేదు.

ఆ 1795లోనే మన నగరమున ఫిరంగులు పోయు కర్మాగారము రేమండు పూనికతో వెలసెను. నేఁటికిని దానిని తోప్ కా సాంచా యందురు. 1798లో గతించిన యా పరాసు సేనాని సమాధి సరూరునగరు దారిలో, దిలుసుఖునగరునకు దగ్గఱ, గుట్టమీఁద నున్నది. ఒకవంక లండనులో నుక్కు పరీక్ష, ఒకవంక భాగ్యనగరమునఁ బరాసు పద్ధతి ఫిరంగుల పోఁత. నిజాము కొలువు కోనసముద్రమునకు వంద మైళ్ల పరిధిలోనే యుండి యన్యదేశపు విద్యను దెచ్చుకొనుచుండఁగా, నన్యదేశము కోనసముద్రపు విద్యను వెదకికొనుచుండెను.

లండనున నీ యుక్కును బరీక్షించినవారిలో మైకేలు ఫారడే యొకఁడు. ఆయన కమ్మరి కుమారుఁడు. 1819లో నీ ముద్దను విశ్లేషించి, స్టోడార్టను కత్తులవానితోఁ గలిసి 1820, 1822 సంవత్సరములలో మిశ్రధాతువులను గూర్చి వ్యాసములు ప్రకటించెను. పటికయందుండు నల్యూమినియమువలన దీని గుణము కలిగినదని మొదట ననుకొనుట పొరపాటే. కాని యా పొరపాటే యినుముతో నితరధాతువులను గలిపి చూచు పరిశోధనకు దారితీసినది. ఇప్పుడు కంచన్‌బాగున జరుగు పని యా పరిశోధన సంతతిలోనిదే. కోనసముద్రపుఁ బద్ధతి లండనునకుఁ బోయి, రెండువందల యేండ్లకు మాఱువేషమున మఱల బాలాపురమునకు వచ్చినదని చెప్పవచ్చును. వచ్చినప్పుడు కమ్మరి దానిని గుఱుతుపట్టలేదు.

మన వ్రాఁతలయందు దీని జాడ యెంత యున్నదో చూతము. గణపతిదేవుని మోటుపల్లి శాసనము 1244 నాఁటిది. ఓడవర్తకులకు నభయ మిచ్చి, సరకులపై సుంకములను నిర్ణయించిన ప్రసిద్ధశాసనమది. అందుఁ జందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పగడములు, మిరియములు గలవు. లోహములలో రాగి, తుత్తునాగము, సీసము గలవు. ఇనుము కానరాదు. 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి ప్రకటించిన తెలంగాణా శాసనముల సంపుటమును జదివినవారికిఁ జెఱువులు, దేవాలయములు, భూదానములు, మడిమాన్యములు కొల్లలుగాఁ గనఁబడును. తటాకము సప్తసంతానములలో నొకటి గనుక దానికి శాసనము పుట్టినది. కొలిమి సంతానము గాదు.

బయ్యారము దీనికి మిక్కిలి చక్కని నిదర్శనము. గణపతిదేవుని సోదరి మైలాంబ యచ్చట ధర్మకీర్తిసముద్రమను చెఱువును ద్రవ్వించి వేయించిన శాసనమున కాకతీయుల పూర్వవంశక్రమము లభించినది. చరిత్రకారుల కది పెన్నిధి. ఆ బయ్యారపు గుట్టలయందే యినుపఖనిజము కలదు. చెఱువు త్రవ్వించిన రాచపడుచు పేరు ఱాతిపై నిలిచినది. ఆ ఱాతిని జెక్కిన యులికి నుక్కు వండినవాని పేరు నిలువలేదు. శాసనము వ్రాసిన కవిని దూషించుట నా యుద్దేశము గాదు. నేనును వానివంటివాఁడనే.

ఇక నీ విద్య యెట్లు నశించినదో చూతము. పారసీకమునఁ గత్తికంటెఁ దుపాకికి వెలయెక్కినది. 1856లో బెసెమరు కనుఁగొనిన పద్ధతిచే నుక్కు టన్నులలెక్కను దిగుటకు మొదలిడెను. అహోరాత్రము కాల్చి రొట్టెయంత ముద్ద తీయువానికిఁ దావు లేకపోయెను. 1874లో వాడినుండి సికిందరాబాదునకు రైలు వచ్చెను. దానితోఁ జౌక సీమయుక్కును వచ్చెను. కొలిమికి వలయు బొగ్గునకు నడవులు దఱిఁగినవి, దొరకిన యడవులపై సర్కారు కట్టుబాట్లు పెరిఁగినవి. 19వ శతాబ్దము ముగియునప్పటికి మూసయుక్కు వండుట దాదాపుగా నిలిచిపోయినది. వాయిసీ వ్రాయకున్నచో నుత్తర తెలంగాణపు గ్రామములలోని చిట్టెపుగుట్టలు మాత్రమే మిగిలియుండెడివి. 2010లో బెంగుళూరులోని జాతీయ ప్రౌఢాధ్యయన సంస్థయు, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమును గలిసి యీ గ్రామములను దిరిగి చూచి యా గుట్టలను బరీక్షించినవి.

కొందఱు మిత్రులు, "తెలంగాణమున నినుము గలదు, బొగ్గు గలదు, సున్నపుఱాయి గలదు, పెద్దకొలుములు పుట్టకపోవుట కుదాసీనతయే కారణము" అందురు. ఈ వాదమును బరీక్షించుటకు నమెరికా దక్షిణరాష్ట్రములలోని అలబామాతోఁ బోల్చి చూచుట మంచిది. అచ్చట 1871లో బర్మింగుహామను పట్టణము నెలకొనెను. ఎఱ్ఱకొండ యను పేరుగల వరుసలో నినుపఖనిజము, దగ్గఱనే వారియరు గనులబొగ్గు, ఆ లోయలోనే సున్నపుఱాయి. మూఁడును గొలఁదిమైళ్లలో దొరకినవి. మేలైన ఖనిజమేమియుఁ గాదు, భాస్వరము హెచ్చు. కాని బొగ్గు కోకు చేయఁదగినది. 1882లో వెలిఁగించిన స్లాసు కొలుములు 1971 దాఁక మండినవి. ఆ యూరివారు 1904లో సెయింటు లూయీ ప్రదర్శనమునకుఁ దమ కమ్మరిదేవత వల్కనును 56 అడుగుల పోఁతయినుపవిగ్రహముగాఁ జేసి పంపిరి. ఆ వైభవము క్రింద నొక యన్యాయమును గలదు. జైళ్లలోని ఖైదీలను, వారిలో నధికసంఖ్యాకులు నల్లవారు, గనులకు గుత్తకిచ్చు నాచారము అలబామాలో 1928 వఱకు సాగినది.

అదే 1871లో డాక్టరు విలియము కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గనుఁగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ పుట్టెను; 1889లో గనిపని మొదలిడెను; 1920లో సింగరేణి కంపెనీ పేరు పెట్టిరి; 1945లో నిజాము ప్రభుత్వ మందు మిక్కుటపు వాటాలను గొనెను. ఇంతవఱకు రెండు దేశముల కథలును జోడుగుఱ్ఱములవలె నడచినవి. కాని గోదావరిలోయ బొగ్గు కోకు గాదు. పెద్దకొలిమిలో ఖనిజపు బరువును మోయఁగల గట్టి కోకుగడ్డ దానినుండి రాదు. కావున నది రైళ్లకును, మిల్లులకును, పిమ్మట విద్యుత్తునకును బోయినది. ఈ ప్రకృతిభేదమును విస్మరించి యుదాసీనత నొక్కదానినే నిందించుట తగదు. ఉత్తర తెలంగాణపు ఖనిజముఁ గూడఁ బలుచోటులఁ గంకరఱాతితోఁ బొరలు పొరలుగాఁ గలిసిన బీదఖనిజము. కొలిమి పెద్దదైనకొలఁది యది పనికిరానిదగుచువచ్చినది. చిన్న మూసకు మాత్రము చాలినది. కోనసముద్రపువానికిఁ గోకుతోఁ బని లేదు. అతనిది కట్టెబొగ్గు. అతనికి వలసినది పిడికెఁడు మంచి యిసుక, వరియూక, బంకమట్టి, ఒక రాత్రి నిద్రలేమి.

పాల్వంచలో 1980లోఁ బని మొదలిడిన స్పాంజియినుపు కర్మాగారమును గూర్చి యొక మాట చెప్పవలసియున్నది. కోకు గాని బొగ్గుతో ఖనిజమును గరఁగింపకయే యినుముగా మార్చు పద్ధతి యచ్చట మన దేశమున మొదట నమలునకు వచ్చినది. 2010లో నది జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలోఁ గలిసెను. కరఁగింపకుండ నినుపుముద్దను దీయుట మన పల్లెకమ్మరుల మొదటిమెట్టే. సింగరేణి బొగ్గు తగినదని తేలిన పద్ధతి ప్రాఁతపద్ధతికి దగ్గఱచుట్టమగుట యాదృచ్ఛికమే యైనను నాకు వేడుక గొలిపినది. ఇఁక 2014 నాఁటి రాష్ట్ర పునర్విభజన శాసనపు పదుమూఁడవ యనుబంధమున ఖమ్మము జిల్లాలో సమగ్రమైన యుక్కుకర్మాగారము సాధ్యమగునో కాదో పరిశీలింపవలెనని వ్రాయఁబడినది. బయ్యారపు ప్రజ లప్పటినుండి కాచుకొనియున్నారు. కర్మాగారము నెలకొనలేదు. ఆ ఖనిజము తక్కువజాతిదను నభ్యంతర మొకటి చెప్పఁబడుచున్నది. నిర్ణయము లోహవేత్తల పని, నాది గాదు.

నా పని మాటలతో. 1962లో సాహిత్య అకాడమి వ్యవసాయవృత్తి పదకోశమును బ్రకటించినపుడును, 1971లోఁ జేనేత పదకోశము వెలువడినపుడును, రైతులును నేఁతవారును బ్రదికియుండి మాటలు చెప్పిరి. ఉక్కు వండినవాఁడు చెప్పుట కుండలేదు. మూసకు మూఁతపెట్టి మెత్తు మట్టి నేమనెడివారు? రెండినుముల కలయిక కేమి పేరు? తిత్తి యాపవలసిన వేళను జూపు మంటరంగున కేమి పేరు? వాయిసీ యింగ్లీషున వ్రాసినాఁడు గనుక పని మిగిలినది, పదములు పోయినవి. సంస్కృతమున మూషాశబ్దము గలదు, రసగ్రంథములలో దాని భేదములు గలవు. కోనసముద్రపు మూస వానిలో నేదియో చెప్పువాఁడు లేఁడు.

అందుచే మఱునాఁడు బాలాపురపుఁ గొలిమికి మఱలఁ బోయితిని. ఈమాఱు కాగితములు గొనిపోయితిని. ఆ పెద్దయ్య తన పనిముట్ల పేరులు చెప్పెను: దాగలి, సమ్మెట, సుత్తె, పట్టకారు. కమానుపట్టీని గాఁచి, కొడవలిగా వంచి, యంచును సాగఁగొట్టి, యెఱుపు తగ్గి చామనచాయకు దిగువఱకుఁ జూచి, నీటితొట్టిలో ముంచెను. ఎందుల కంతసేపు చూచితిరని యడిగితిని. "పదును చూడాలె గద" అనెను. సేద్యమునఁ దడి సరియైన నేలకుఁ బదునందుము; ఇచ్చట వేఁడిమి సరియైన యుక్కునకు నదే మాట. నేల పదును, ఉక్కు పదును ఒకటేనా యని యడిగితిని. ఆయన తొట్టిలోనుండి కొడవలిని దీసి, బొటనవ్రేలితో నంచును దాఁకి, "రెండిట్లనూ ఎక్కువ తడిస్తె పగుల్తది, తక్కువ తడిస్తె పనికి రాదు" అని చెప్పి, రెండవ ముక్కను నిప్పులోఁ బెట్టెను. నేను వ్రాసికొంటిని.